గుమ్మం ఎక్కని మనిషి

బ్యాంకులోనో బస్టాండులోనో ఓ మూల మేకుకి దారం కట్టి ఫిర్యాదుల పుస్తకం వేలాడుతూ ఉండేది. ఇప్పుడు దాని చోట్లోకి సెల్‌ఫోన్‌లో అయిదు నక్షత్రాలు వచ్చాయి. సరుకు అందిన అరగంటకల్లా ఎలా ఉందని అడుగుతారు. ఆటో దిగగానే అడుగుతారు. ఇలా అడగడం మంచిదే. అడిగించుకున్న మనిషికి తన మాటకి విలువుందనిపిస్తుంది, కంపెనీకి తన లోపం తెలుస్తుంది. అయితే ఆ పుస్తకాల్లోనూ ఈ నక్షత్రాల్లోనూ కనపడేది వచ్చినవాడూ కొన్నవాడూ మాత్రమే. గుమ్మం దాకా వచ్చి వెనుదిరిగినవాడు, అసలు ఇల్లే కదలనివాడు ఎక్కడా ఒక్క ముక్క రాయడు. వినియోగదారుడి అవసరమే మాకు ముందు అని చెప్పుకునే ఏ సంస్థనైనా నేను మొదట అడగాలనుకునేది ఇదే: మీ దగ్గరికి రాని మనిషి గురించి మీకేం తెలుసు?

ఈ ప్రశ్నకి నాకు తెలిసినంతలో అందరికంటే ఓపిగ్గా జవాబు వెతికినవాళ్ళు కంటి డాక్టర్లు. వాళ్ళ కథని సేవ కింద చెప్పుకోవడం మనకి అలవాటు. నేను దాన్ని వ్యాపారంగానే చదువుతాను, పూర్తి గౌరవంతో. జీతాలివ్వాలి, భవనాలు కట్టాలి, మందులూ పరికరాలూ కొనాలి, నెలాఖరుకి లెక్క తేలాలి. రోజువారీ వైద్యానికి విరాళాల కోసం ఎదురుచూడకుండా ఆ లెక్క తేల్చి చూపించారు కాబట్టే, వీధి చివరి కిరాణా కొట్టు నుంచి సాఫ్ట్‌వేర్ కంపెనీ దాకా అందరికీ వాళ్ళ దగ్గర నేర్చుకోవలసింది ఉంది.

గోవిందప్ప వెంకటస్వామి 1918లో తమిళనాట వడమలాపురం అనే పల్లెలో పుట్టారు. ప్రసూతి వైద్యుడు కావాలనుకున్నారు. సైన్యంలో డాక్టరుగా ఉండగా తీవ్రమైన కీళ్ళవాతం వచ్చి మంచం పట్టారు, వేళ్ళు వంకర్లు తిరిగిపోయాయి. కోలుకున్నాక కంటి వైద్యం చదివారు. ఆ వేళ్ళతోనే పనిముట్లు పట్టుకోవడం అలవాటు చేసుకుని, జీవితకాలంలో లక్షకి పైగా కంటి ఆపరేషన్లు చేశారు. 1976లో ప్రభుత్వ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, తోబుట్టువుల్నీ వాళ్ళ భార్యాభర్తల్నీ కూడగట్టుకుని, ఇల్లు తాకట్టు పెట్టి, మధురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. మనుమలతో కాలక్షేపం చేసే వయసులో పెట్టిన ఆ చిన్న ఆసుపత్రి, ఇవాళ ప్రపంచంలో అత్యధికంగా కంటి ఆపరేషన్లు జరిగే సంస్థల్లో ఒకటి. 2006లో ఆయన పోయేనాటికే అది అంత ఎత్తుకి ఎదిగింది.

ఆయన ముందున్న పని చెప్పుకోవడానికి తేలికైనది. శుక్లం మందులకి కరగదు. కంట్లో పుట్టుకతో ఉన్న కటకం వయసు మీదపడేకొద్దీ మసకబారుతుంది, దాన్ని తీసెయ్యాలి. చిన్న ఆపరేషన్, నిమిషాల్లో అయిపోతుంది, చూపు తిరిగొస్తుంది. అప్పట్లో మన దేశంలో చూపు పోయినవాళ్ళలో ఎక్కువమందికి కారణం ఇదే. డాక్టరు సిద్ధంగా ఉన్నాడు, డబ్బు కూడా అడగడం లేదు. ఇక జనం బారులు తీరి రావాలి కదా. రాలేదు.

బడి ఆవరణలో ఉచిత శిబిరం పెడతారు. ముందు రోజు మైకు కట్టుకుని ఊరంతా తిరిగి చెబుతారు. దక్షిణాది పల్లెల్లో ఈ శిబిరాల మీద జరిగిన ఒక అధ్యయనం 1999లో అచ్చయింది. కంటి ఇబ్బంది ఉన్నవాళ్ళలో శిబిరానికి వచ్చినవాళ్ళు నూటికి ఏడుగురే అని అందులో తేలింది. మిగిలిన 93 మందీ ఇళ్ళలోనే ఉండిపోయారు. ఆ అధ్యయనంలో నాకు నచ్చింది లెక్క కంటే, వాళ్ళు ఆ ఇళ్ళకి వెళ్ళి ఎందుకు రాలేదని అడగడం. కొందరు భయం అన్నారు. కొందరు ఖర్చు అన్నారు. ఇంట్లో పని తెమలదు అన్నారు. ఈ వయసులో నాకెందుకులే అన్నారు. ఏదో నెట్టుకొస్తున్నాను అన్నవాళ్ళూ ఉన్నారు.

ఉచితమైనదానికి ఖర్చేమిటని బల్ల అవతల కూచున్నవాళ్ళకి అనిపిస్తుంది. బల్ల ఇవతలి లెక్క వేరు. పట్నం వెళ్ళడానికి బస్సు చార్జీ, తోడొచ్చే మనిషికీ చార్జీ. చూపు ఆననివాళ్ళు ఒంటరిగా వెళ్ళలేరు కాబట్టి ఆ తోడు తప్పదు. తోడొచ్చేది కొడుకో కోడలో అయితే వాళ్ళ కూలి పోతుంది. అక్కడ తిండికీ, పడుకునే చోటుకీ డబ్బు కావాలి. తిరిగొచ్చాక కొన్నాళ్ళు బరువులెత్తకూడదు, పొలం వెళ్ళకూడదు, పొయ్యి దగ్గర పొగలో కూచోకూడదు. ఇవన్నీ కలిపితే ఉచిత ఆపరేషన్ ఆ ఇంటికి నెల సంపాదన ఖర్చు. ఇంత ఖర్చు ఎవరి కోసం? ఇంట్లో సంపాదన మానేసిన ముసలి మనిషి కోసం. ఆ మాట ఎవరూ పైకి అనరు. ఆ ముసలి మనిషే ముందుగా తనకి తాను చెప్పేసుకుంటుంది.

అరవింద్ వాళ్ళు చేసిన గొప్ప పని ఈ మొత్తం ఖర్చుని తమ లెక్కలోకి తెచ్చుకోవడం. శిబిరంలో పరీక్ష అవగానే, ఆపరేషన్ కావలసినవాళ్ళని అప్పటికప్పుడు బస్సెక్కిస్తారు. ఆసుపత్రిలో తిండీ పడకా వాళ్ళవే. అయిపోయాక మళ్ళీ ఊరికి చేరుస్తారు. ఇలా చెయ్యడం వల్ల ఎంతమంది అదనంగా వస్తారో ఊహ మీద వదలకుండా కొలిచినవాళ్ళు కూడా ఉన్నారు. 1991లో వచ్చిన ఇంకో అధ్యయనం దక్షిణాదిలోనే దాదాపు 90 ఊళ్ళలో ఎనిమిది రకాల పద్ధతులు పెట్టి చూసింది. ఆపరేషన్‌తో పాటు ప్రయాణం, తిండి ఖర్చులన్నీ భరించినచోట జనం ఎక్కువగా ఒప్పుకున్నారు. ఇంకొకటి కూడా బాగా పనిచేసింది. అదివరకే శుక్లం తీయించుకున్న మనిషి ఇంటింటికీ వెళ్ళి మాట్లాడటం. తెల్లకోటు వేసుకున్నవాళ్ళు ఎన్ని చెప్పినా కదలని గుండె, తనలాంటి పంచె కట్టుకున్నవాడు అరుగు మీద కూచుని 'నాకూ చేశారు, ఇదుగో చూడు' అంటే కదులుతుంది.

మా అమ్మమ్మ సంగతి చెబుతాను. కృష్ణా జిల్లాలో చిన్న ఊరు. ఆవిడకి రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. చారులో పడ్డ కరివేపాకు కనపడేది కాదు. బియ్యంలో రాళ్ళు వేళ్ళతో తడిమి ఏరేది. వాకిట్లోకి ఎవరొచ్చినా గొంతు విన్నాకే 'నువ్వటే' అనేది. కళ్ళ మాటెత్తితే మాత్రం 'నాకు బాగానే కనపడుతోంది' అని గదమాయించేది. కంటి శిబిరం వ్యాను ఊళ్ళోకి వచ్చింది, వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. మా అమ్మ బతిమాలింది. మామయ్య కేకలేశాడు. కత్తంటే భయమని అందరం తీర్మానించుకున్నాం.

అసలు సంగతి గేదె. ఈనిన గేదె. అమ్మమ్మ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడితే చేపదు. 'నన్ను పదిరోజులు వంగొద్దంటే దాని పొదుగు ఎవరు చూస్తారే?' అని ఒకరోజు పొయ్యి దగ్గర కూచుని మా అమ్మతో అంది. ఆ పాలు కేంద్రంలో పోస్తే వచ్చే డబ్బు ఆవిడ సొంత డబ్బు. తమలపాకులకైనా, మనవడి చేతిలో పెట్టడానికైనా ఇంకొకరి ముందు చెయ్యి చాచక్కర్లేని డబ్బు. పైగా పాలు పితకడానికి కళ్ళతో పనిలేదు. ఆ ఏడు గేదె వట్టిపోయాక, ఎవరూ చెప్పకుండానే, తర్వాత వచ్చిన వ్యానెక్కి వెళ్ళి కన్ను చేయించుకుని వచ్చింది.

అమ్మమ్మ విషయంలో అందరి అంచనా తప్పింది. ఆవిడ చెప్పిన మాట కూడా అబద్ధం కాదు. తను చేసుకునే పనులకి సరిపడా ఆవిడకి కనపడుతూనే ఉంది. ఆవిడ్ని శిబిరానికి రప్పించడానికి పెద్ద మైకు అక్కర్లేదు, కరపత్రాలు అక్కర్లేదు. ఏ నెలల్లో మీ గేదె వట్టిపోతుంది మామ్మగారూ అని అడిగే మనిషి ఒకరు కావాలి. అలాంటి ప్రశ్న ఏ ఫారంలోనూ ఉండదు. ఇంటికెళ్ళి, పాకలోకి తొంగిచూసి, మంచినీళ్ళు తాగి, కాసేపు కూచున్నవాళ్ళకే తడుతుంది.

వ్యాపారం గురించి మాట్లాడేవాళ్ళు రెండు పక్షాలుగా కనపడతారు నాకు. కొనేవాడు ఏం అడిగితే అది ఇవ్వాలని ఒక పక్షం. కొనేవాడికి తనకేం కావాలో తనకే తెలియదు, మనం చేసి చూపిస్తే అప్పుడు తెలుసుకుంటాడని రెండో పక్షం. మొదటి పక్షం వాళ్ళు మా అమ్మమ్మని అడిగి, అవసరం లేదట అని రాసుకుని వెళ్ళిపోతారు. రెండో పక్షం వాళ్ళు ఆవిడకి తెలియదులే అని చెయ్యి పట్టుకుని వ్యానెక్కించబోతారు. మాటని అలాగే నమ్మడమూ తోసిపుచ్చడమూ కాకుండా, ఆ మాట వెనకాల ఏ పని ఉంది, ఏ బరువు ఉంది అని వెతికేవాళ్ళే నా దృష్టిలో అవసరాన్ని ముందు పెట్టినవాళ్ళు. ఇది మెల్లగా సాగే పని. లెక్కల పట్టికలో చూపించడం కష్టం. అందుకే పెద్ద కంపెనీలు దీన్ని సర్వేలకి అప్పగించేసి ఊరుకుంటాయి.

ఇక డబ్బు దగ్గరికి వద్దాం. మన దగ్గర ఉచితం అన్న మాట వెనకాలే ఒక కాగితం వస్తుంది. రేషన్ కార్డు, ఆదాయ ధ్రువీకరణ పత్రం, దాని మీద సంతకం, ఆ సంతకం కోసం మండలాఫీసు వరండాలో ఒక రోజు. పేదవాడు తన పేదరికాన్ని పదిమంది ముందు రుజువు చేసుకోవాలి. ప్రభుత్వానికి ఆ అవసరం ఎందుకుందో నాకు అర్థమవుతుంది. కానీ అరవింద్‌లో ఆ కాగితం అడగరు. డబ్బు కట్టే విభాగం ఉంది, ఉచిత విభాగం ఉంది. ఎటు వెళ్ళాలో రోగే నిర్ణయించుకుంటాడు. కట్టగలిగినవాళ్ళకి మంచం, విడిగది, కావాలంటే ఏసీ. ఉచిత విభాగంలో చాప, పెద్ద హాలు. ఆపరేషన్ చేసే డాక్టర్లు మాత్రం వాళ్ళే. ఇవాళ ఇటు చేసిన డాక్టరు రేపు అటు చేస్తాడు. సగానికి పైగా రోగులు ఉచితంగానో చాలా తక్కువ ధరకో చూపు పొందుతున్నా, కట్టేవాళ్ళిచ్చే డబ్బుతో మొత్తం ఖర్చు వెళ్ళిపోతోంది.

ఉన్నవాళ్ళు కూడా చాప మీద పడుకుని డబ్బు మిగుల్చుకోరా అని ఎవరికైనా సందేహం వస్తుంది. కొందరు మిగుల్చుకునే ఉంటారు. వాళ్ళని పట్టుకోవడానికి ప్రతి మనిషి చొక్కా కాలరూ చెప్పులూ పరీక్షగా చూసే గుమాస్తాని గుమ్మంలో నిలబెడితే, ఆ గుమాస్తా చూపుకి జంకి వెనుదిరిగేవాళ్ళు అంతకంటే ఎక్కువమంది ఉంటారు. ఈ బేరంలో ఏ నష్టం భరించాలో అరవింద్ తేల్చుకుంది. నేను ఆ నిర్ణయాన్ని చాలా పెద్ద నిర్ణయంగా భావిస్తాను. మోసపోకూడదన్న జాగ్రత్తని ముందు పెట్టే సంస్థ, వినియోగదారుణ్ణి రెండో వరసలోకి నెట్టేసినట్టే.

ఆపరేషన్ గదిలోకి వెళితే ఇదే ఆలోచన ఇంకో రూపంలో కనపడుతుంది. రెండు బల్లలు పక్కపక్కన ఉంటాయి. ఒక బల్ల మీద సర్జను పని చేస్తుండగా రెండో బల్ల మీద తర్వాతి మనిషి సిద్ధంగా పడుకుని ఉంటాడు. కన్ను శుభ్రం చేసి, చుట్టూ గుడ్డ కప్పి, పనిముట్లు పేర్చి ఉంచుతారు. మొదటిది పూర్తి కాగానే సర్జను మైక్రోస్కోపుని అటు తిప్పుకుంటాడు. చూపు కొలవడం, చుక్కలు వెయ్యడం, ధైర్యం చెప్పడం, కట్టు కట్టడం లాంటి పనులన్నీ రెండేళ్ళు శిక్షణ పొందిన పల్లెటూరి అమ్మాయిలు చూసుకుంటారు. డాక్టరు మాత్రమే చెయ్యగలిగిన పనే డాక్టరు చేస్తాడు. ఆ పద్ధతి వల్ల అక్కడి సర్జను ఏడాదికి 2,000 దాకా ఆపరేషన్లు చేస్తాడు. మామూలు ఆసుపత్రుల్లో కొన్ని వందలు చేస్తే గొప్ప. ఊరు ఊరునా ఒకే రుచితో, ఒకే వేగంతో నడిచే అమెరికా మెక్‌డొనాల్డ్స్ హోటళ్ళని చూసి తనకి ఈ ఆలోచన వచ్చిందని డాక్టర్ వెంకటస్వామి దాచుకోకుండా చెప్పేవారు. మేనేజ్‌మెంట్ చదువుకున్నవాళ్ళు దీన్ని సామర్థ్యం అంటారు. నేను రోగి వైపు నుంచి చూస్తాను. ఆసుపత్రి వరండాలో నిరీక్షించే ప్రతి గంటా కూలివాడికి కూలి డబ్బే. ఆ గంటని ఖరీదైనదిగా లెక్కవేసినవాళ్ళకే రెండో బల్ల వెయ్యాలన్న ఆలోచన వస్తుంది.

కంట్లో పెట్టే లెన్సు కథ ఇంకా నేర్పుతుంది. పాత పద్ధతిలో కటకం తీసేశాక బయట మందపాటి అద్దాలు పెట్టుకోవలసి వచ్చేది. సోడాబుడ్డి అద్దాలని మనం నవ్వుకున్నవి అవే. వాటితో ఎదురుగా ఉన్నది పెద్దదిగా, దగ్గరగా కనపడుతుంది. పక్కనున్నది వంకరగా కనపడుతుంది. మెట్టు ఎక్కడుందో కాలికి అందదు. ఆ జోడు పగిలిపోతే, పోతే, మనిషి మళ్ళీ మొదటికే వస్తాడు. కంట్లోనే లెన్సు అమర్చే పద్ధతి వచ్చాక డబ్బున్నవాళ్ళకి ఈ బాధ తప్పింది. బయటి దేశాల నుంచి వచ్చే ఆ లెన్సు ఒక్కొక్కటీ వంద డాలర్లకి అటూ ఇటూగా ఉండేది. పేద దేశాల జనానికి అద్దాలు చాలులే అన్న వాదన అప్పట్లో చదువుకున్నవాళ్ళలోనే గట్టిగా ఉండేది. అరవింద్ వాళ్ళు ఆ మాటకి తలవంచలేదు. 1992లో ఆరోల్యాబ్ పెట్టి లెన్సు తామే చేశారు. ధర సుమారు పదోవంతుకి దిగింది, తర్వాత ఇంకా దిగింది. ఉచిత విభాగంలో చాప మీద పడుకున్న మనిషి కంట్లోకీ ఆ లెన్సే వెళ్ళింది. అవసరం ముందు అన్నవాళ్ళు నాసిరకాన్ని అగ్గువగా ఇచ్చి చేతులు దులుపుకోలేరు. ధర తగ్గాలి, వస్తువు తగ్గకూడదు అని పట్టుబట్టినప్పుడే కొత్త కర్మాగారాలు పుడతాయి. మన హైదరాబాదులో 1997లో శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకా తెచ్చినప్పుడూ జరిగింది ఇదే. వందల్లో ఉన్న ధర పదుల్లోకి వచ్చింది, మధ్యతరగతి ఇళ్ళలో పిల్లల చేతికి ఆ సూది అందింది.

హైదరాబాదు అన్నాక ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి గురించి చెప్పకుండా ఎలా ఉంటాను! అమెరికాలో పని చేస్తూ వెనక్కి వచ్చేసిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో దీన్ని స్థాపించారు. సినిమా దర్శక నిర్మాత ఎల్.వి. ప్రసాద్ స్థలమూ డబ్బూ ఇచ్చారు. బంజారాహిల్స్‌లో అంత మంచి ఆసుపత్రి కట్టుకుని, వచ్చినవాళ్ళని చూసుకుంటూ కూచున్నా ఎవరూ వేలెత్తి చూపేవాళ్ళు కాదు. వాళ్ళు 1996 నుంచి 2000 వరకు హైదరాబాదు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో 10,000 మందికి పైగా జనాన్ని ఎంచుకుని కళ్ళు పరీక్షించారు. రోగులని కాదు, జనాన్ని. ఆసుపత్రి రిజిస్టరులో ఎప్పటికీ ఎక్కని పేర్లు ఆ లెక్కలోకి ఎక్కాయి.

అందులో తేలిన ఒక సంగతి నన్ను చాలాకాలం వదల్లేదు. చూపు లేనివాళ్ళలో 44 శాతం మందికి శుక్లం కారణం. అది ఊహించినదే. ఆ తర్వాతి పెద్ద కారణం, సుమారు 16 శాతం మందికి, సరైన కళ్ళజోడు లేకపోవడం. ఆపరేషన్ అక్కర్లేదు, మందు అక్కర్లేదు. ఫ్రేములో బిగించిన రెండు గాజుముక్కలు లేక మనుషులు గుడ్డివాళ్ళ లెక్కలో చేరిపోయారు. ఇది డాక్టర్ల కొరత కాదు. కళ్ళజోడు దొరికే చోటుకీ మనిషి ఉన్న చోటుకీ మధ్య దూరం.

ఆ దూరం తగ్గించడానికి వాళ్ళు కట్టుకున్న ఏర్పాటు కింది నుంచి పైకి వెళుతుంది. సుమారు 50,000 జనాభాకి ఒక విజన్ సెంటర్. అద్దె ఇంట్లో ఒకటి రెండు గదులు. ఇంటర్ చదివిన స్థానిక యువతీయువకులకి ఏడాది శిక్షణ ఇచ్చి అక్కడ కూచోబెడతారు. చూపు పరీక్ష చేసి కళ్ళజోడు ఇవ్వడం వాళ్ళ పని. అంతకు మించినదైతే దగ్గరి పట్నంలోని చిన్న ఆసుపత్రికి, అదీ దాటితే పెద్దాసుపత్రికి పంపుతారు. అప్పటి ఆదిలాబాద్ జిల్లాలో ముధోల్ లాంటి చోట 1996లోనే పల్లె జనానికి కంటి ఆసుపత్రి వచ్చిందంటే ఈ ఆలోచన వల్లే. కూలికి వెళ్ళే మనిషికి ఒక పూటలో వెళ్ళి ఒక పూటలో తిరిగొచ్చే దూరంలో పరీక్ష దొరకడం చిన్న విషయం కాదు. రోజు కూలి పోకుండా కన్ను చూపించుకోవచ్చు. పరీక్ష చేసే అమ్మాయి అదే మండలం పిల్ల అయితే, ఫలానావాళ్ళ మనవరాలు కదూ అని పలకరించి మరీ లోపలికి వస్తారు.

వ్యాపారమంతా ఇలా నడవాలని నేను కలలు కనడం లేదు. అయితే లాభం కోసమే పుట్టిన సంస్థలూ రాని మనిషిని వెతికిన సందర్భాలున్నాయి. కడలూరుకి చెందిన చిన్నికృష్ణన్ షాంపూని చిన్న ప్యాకెట్లలో పోసి అమ్మారు. ఆయన కొడుకు సి.కె. రంగనాథన్ 1983లో చిక్ షాంపూతో అదే దారిని పల్లెల దాకా తీసుకెళ్ళారు. రోజు కూలి మీద బతికే ఇంట్లో సీసా కొనేంత డబ్బు ఒక్కసారిగా చేతిలో ఉండదు, పండగ ముందు రోజు తలంటుకి సరిపడా ఉంటుంది. ఆ చేతిలో ఉన్న డబ్బుని బట్టి సరుకుని కొలవడం తెలివైన పని, దయగల పని కూడా. ఆ ప్యాకెట్లే తర్వాత ప్రతి ఊరి మురుగు కాలవకీ అడ్డుపడ్డాయి. అది కూడా ఆ లెక్కలో రాయవలసిందే.

ఇప్పుడు పట్నాల్లో పది నిమిషాల్లో సరుకులు ఇంటికొస్తున్నాయి. మీ సౌకర్యమే మాకు ముందు అంటున్నారు. నిజంగానే సౌకర్యంగా ఉంది. మంచాన పడ్డ మనిషున్న ఇంటికి, పసిపిల్లతో ఒంటరిగా ఉన్న తల్లికి అది అవసరం కూడా. కానీ ఆ ఏర్పాటంతా ఎవరి చుట్టూ తిరుగుతోందో చూడండి. వీధి చివరే కొట్టు అందుబాటులో ఉన్నవాడికి, ఫోన్లో డబ్బున్నవాడికి, ఇప్పటికే అన్నీ అందుతున్నవాడికి ఇంకో అరగంట మిగల్చడానికి ఇన్ని వేల కోట్లూ ఇంత తెలివీ ఖర్చవుతున్నాయి. ఆ అరగంటని ఎండలో బండి నడిపే కుర్రాడు తన ప్రాణం అడ్డువేసి సంపాదించిపెడుతున్నాడు. వినియోగదారుడి పేరు చెప్పి పనివాడి ఒంట్లోంచి పిండుకున్నదాన్ని నేను సేవగా ఒప్పుకోలేను. ఇదే ప్రశ్న కంటి ఆసుపత్రులకీ వర్తిస్తుంది. రోజంతా నిలబడి వందల కళ్ళకి చుక్కలు వేసే ఆ పల్లెటూరి అమ్మాయిల జీతమూ, విశ్రాంతీ, రేపటి చదువూ ఏమిటని అడుగుతూనే ఉండాలి. రోగిని ముందు పెట్టే సంస్థలో వాళ్ళు వెనక్కి పోకూడదు.

అన్నిటికంటే నన్ను తొలిచే సంగతి ఒకటి మిగిలింది. నలభై దాటితే దగ్గరి చూపు తగ్గుతుంది. చదువుకున్నవాళ్ళం పేపరు దూరంగా పట్టుకుని చూసి, నవ్వుకుని, కళ్ళజోడు కొనుక్కుంటాం. అసోంలో నలభై దాటిన తేయాకు కూలీలకి దగ్గరి చూపు అద్దాలిచ్చి చూశారు. 2018లో ఆ ఫలితాలు వచ్చాయి. అద్దాలున్నవాళ్ళు లేనివాళ్ళతో పోలిస్తే సుమారు అయిదోవంతు అదనంగా ఆకు కోశారు. అంటే అంత పని ప్రతి రోజూ ఇన్నాళ్ళూ పోతూ వచ్చిందన్నమాట. అలాంటి మనిషి ఆసుపత్రికి వెళ్ళి నాకు అద్దాలు కావాలి అని అడగడు. పెద్దతనం వచ్చింది, పని మందగించింది అనుకుని ఊరుకుంటాడు.

చీరాలలోనో పోచంపల్లిలోనో మగ్గం గుంటలో కూచున్న నలభై అయిదేళ్ళ మనిషి సంగతీ అంతే. తెగిన పోగు కొస దొరక్క తడుముకుంటాడు. సన్నని పనంతా మధ్యాహ్నం వెలుతురులోనే పెట్టుకుంటాడు. పొద్దువాలాక కొడుకుని పిలుస్తాడు. చీర దిగడానికి పట్టే రోజులు పెరుగుతాయి, నెలకి దిగే చీరలు తగ్గుతాయి. ఇది కంటి జబ్బని ఆయన అనుకోడు కాబట్టి ఏ శిబిరానికీ రాడు. ఆయనకి కావలసిన జోడు ఒక చీర మజూరీలో చిన్న భాగం పెడితే వస్తుంది. దాన్ని చేసేవాళ్ళకీ అమ్మేవాళ్ళకీ మన రెండు రాష్ట్రాల్లో కొదవ లేదు. అయితే వాళ్ళ కొట్లన్నీ పట్నం బజార్లలో అద్దాల తలుపుల వెనక ఉన్నాయి. మజూరీ అందే రోజు సాయంత్రం మగ్గాల వీధిలోకి కళ్ళజోళ్ళ పెట్టె పట్టుకుని వెళ్ళాలి. గోడ మీద అక్షరాల పట్టీ తగిలించి ఏం కనపడుతోందని అడగకుండా, ఆయన మగ్గం మీది పోగే చేతికిచ్చి అద్దం మార్చి మార్చి చూపించే మనిషి కావాలి.